దుంగ లోపలి పనితనం

చెద అనగానే మనకు పుట్ట గుర్తొస్తుంది. కెనడా పడమటి తీరాన, వాంకూవర్ దీవి అడవుల్లో ఉండే చెదకు పుట్ట లేదు. నేలకొరిగి, వానలకు నాని మెత్తబడిన డగ్లస్ ఫర్ దుంగే దాని ఊరు. పేరు జూటెర్మాప్సిస్ ఆంగుస్టికోలిస్. తడి కర్ర తప్ప ముట్టదు. 1938లో టొరంటోలో బయటపడి అక్కడి ఇళ్ళను తొలిచేస్తున్నది వేరే జాతి.

అలాంటి దుంగ మీద పెచ్చు ఊడదీసి చూశాను. చెట్టు వయసు చెప్పే వలయాల్లో వసంతంలో పెరిగిన మెత్తని పొరను తినేసి, ఆ తర్వాత పెరిగిన గట్టి పొరను గోడగా వదిలేశాయి. ఈనె వాటం వెంబడే గది పక్కన గది. వడ్రంగి చిత్రిక పట్టినంత నున్నగా ఉన్నాయి గోడలు. తిండి తినడమూ ఇల్లు కట్టడమూ వీటికి ఒక్కటే పని.

ఆ పని చేసేది పిల్ల పురుగులు. కూలీలంటూ వేరే వర్గం లేదు. గుడ్లు చూసుకునేదీ, తోటివాటి ఒళ్ళు నాకి శుభ్రం చేసేదీ అవే. రేపు వాటిలో ఏదైనా రెక్కలు తొడగవచ్చు, లేదా సైనికుడు కావచ్చు. సైనికుడి దవడలు నల్లగా, పళ్ళు పళ్ళుగా, రంపంలా ఉంటాయి. అంతటి దవడలున్నా దానికి పక్కవాళ్ళే తినిపించాలి.

నన్ను కట్టిపడేసింది మాత్రం కడుపు. కర్రను అరిగించే శక్తిలో పెద్ద భాగం చెదది కాదు, దాని పేగులో కాపురముండే ట్రైకోనింఫా వంటి ఏకకణ జీవులది. వాటిని చంపేస్తే చెద కర్ర తింటూనే ఆకలితో చచ్చిపోతుందని 1920లలో క్లీవ్‌లాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించాడు. పైగా కుబుసం విడిచిన ప్రతిసారీ పేగు లోపలి పొరతో పాటు ఆ జీవులూ పోతాయి. అప్పుడు తోటి పురుగు వెనక భాగం నుంచి ఒక చుక్క అడిగి తాగాలి. ఎన్నిసార్లు కుబుసం విడిస్తే అన్నిసార్లూ అడగాలి. వీటి సంఘానికి ముడి పడింది ఇక్కడేనని నా నమ్మకం.

వేసవి చివర, పొద్దు వాలాక, రెక్కలొచ్చినవి మన ఉసిళ్ళలాగే గాల్లోకి లేస్తాయి. రెక్క మొదట్లో సన్నని గీత ఒకటి ఉంటుంది. నేల మీద వాలగానే సరిగ్గా ఆ గీత దగ్గర రెక్కలు విరిచేసుకుని, ఆడా మగా జంటగా ఏదో తడి దుంగ పగులులోకి దూరతాయి. కడుపులో పుట్టింటి సారె ఉంది. రేపు పుట్టే తొలి పిల్లలకు అందులోంచే పంచాలి.