మటన్ కొట్టులో ఆఫ్రికా కట్టె

ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నంలో మటన్ కొట్టు ముందు నిలబడ్డవాళ్లంతా తరాజు వైపు చూస్తారు. సెలవు దొరికితే చిత్రిక పట్టుకుని కూర్చునే అలవాటు నాకు. అందుకేనేమో నా చూపు కత్తి కింద ఉన్న మొద్దు మీదికి పోతుంది. రోజుకు ఎన్ని వందల దెబ్బలు తింటుందో ఏమో, నడుమ గుంట పడుతుంది గానీ పగలదు. మాంసంలోకి పేడు రాలదు. కొట్టాయన ఏ ఊరివాడైనా మొద్దు మాత్రం చింతదే.

ఈ చింత మనది కాదు. పుట్టిల్లు ఉష్ణమండల ఆఫ్రికా. వేల ఏళ్ల కిందటే ఇటు వచ్చి, పప్పులోకీ పులుసులోకీ దిగి, మనదేనన్నంతగా కలిసిపోయింది. గోల్కొండ నయాఖిలాలో ఉన్న హతియాన్ చెట్టును మాత్రం ఆఫ్రికా నుంచి వచ్చిందట అని పిల్లలకు వింతగా చూపిస్తాం. దాని కర్ర ఉత్త బెండు, పలక కూడా తీయలేం. పనికొచ్చే ఆఫ్రికా చెట్టు ఊరి పొలిమేరలోనే నిలబడి ఉన్నా పట్టించుకోం.

పట్టించుకునేది సాగర్ రోడ్డు మీది టింబర్ డిపోలను. ఆదిబట్ల, మంగళ్‌పల్లి, బొంగ్లూర్ వైపు ఇళ్లు లేస్తున్న కొద్దీ దర్వాజల కోసం జనం వెతుకులాట పెరిగింది. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేయడంతో బర్మా టేకు అందని పండైంది. ఆ చోట్లోకి ఘనా, నైజీరియా టేకు వచ్చి చేరింది. అది టేకే, అనుమానం అక్కర్లేదు. సుమారు వందేళ్ల కిందట ఆసియా నుంచి తీసుకెళ్లి అక్కడ తోటలు వేశారు. అంటే మన వైపు చెట్టు అక్కడ పెరిగి, కంటైనరెక్కి తిరిగి వస్తోంది. 'ఆఫ్రికన్ టేకు' అనే పేరుతో అమ్మే ఇరోకో సంగతి వేరు. అది టేకుకు దూరపు చుట్టం కూడా కాదు, మన మర్రి, పనసల కుటుంబానిది. చెదను బాగా తట్టుకుంటుంది గానీ, ఒక్కోసారి దాని కడుపులో సున్నపు గడ్డలుంటాయి. వాటికి తగిలితే రంపం పళ్లు పోతాయి. ఆఫ్రికా పడాక్ మన ఎర్రచందనానికి దాయాది. ఆ ఎరుపు చూసి మోజుపడి కొంటారు, ఎండ తగిలే చోట పెడితే కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇవేవీ చెడ్డ కర్రలు కావు. ఏది కొంటున్నామో తెలిసి కొంటే సరి.

మళ్లీ చింత దగ్గరికి వద్దాం. ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగితే, చింత 24 కిలోల దాకా తూగుతుంది. దుంగలో ఎక్కువ భాగం పసుపు కలిసిన తెల్లకట్టెనే. నట్టనడుమ ఊదా కలిసిన ముదురు గోధుమ రంగు చేవ ఉంటుంది, అదీ ముసలి చెట్టులోనే. ఈనె తిన్నగా సాగదు. ఒక పొర అటు, ఒక పొర ఇటు మెలితిరిగి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అందుకే గొడ్డలికి తొందరగా చీలదు. మొద్దు కోసం దుంగను అడ్డంగా కోస్తారు కాబట్టి పీచుల కొసలు పైకి చూస్తుంటాయి. కత్తి వాటిని తెంపకుండా వాటి మధ్యలోకి దిగుతుంది. అందువల్ల అటు కత్తి పదునూ నిలుస్తుంది, ఇటు మొద్దూ నిలుస్తుంది. థాయిలాండ్ వంటిళ్లలోనూ కూరగాయలూ మాంసమూ కోసే మొద్దుకు చింతకే పెద్ద పేరు.

మరి దర్వాజకు ఎందుకు వాడరు? మా వడ్లాయనను అడిగాను.

"కాకా, ఇంత గట్టి కట్టె కదా, చింత దర్వాజ ఎవరూ ఎందుకు పెట్టించుకోరు?"

"దయ్యాలుంటయని అంటరు గానీ సార్, అసలు ముచ్చట అది కాదు. తెల్లదంత పురుగు తింటది. చేవ మీద ఉలి ఆగది. దినమంత నూరుడే అయితది, పని ఎప్పుడు చెయ్యాలె?"

ఆయన మాటకు నా చిత్రికే సాక్షి. జానెడు దూరం నున్నగా పోతుంది, ఆ పైన పొర మెలి తిరిగిన చోట పీచు లేస్తుంది. అటు తిప్పి పట్టినా అంతే. ఓపిక ఉంటే గాజుపెంకుతో గీకుతూ కూర్చోవాలి. పట్టుదల ఉన్నవాడికి కూడా విసుగు పుట్టించే కర్ర ఇది. దెబ్బ తినే పనికీ, రాపిడి పడే పనికీ మాత్రం దీని తర్వాతే ఏదైనా. గానుగ రోలూ రోకలీ, పనిముట్ల పిడులు, కొయ్య సుత్తులు, బండి చక్రాల భాగాలు దీంతో చేసేవారు. దీని బొగ్గు మందుగుండులోకీ పనికొచ్చేది. పచ్చి మొద్దును ఎండలో పెడితే నెర్రెలిచ్చేస్తుంది. నీడలో, కోసిన ముఖాలకు నూనె పట్టించి నెలల తరబడి ఆరనివ్వాలి. ఆ ఓపిక లేక పచ్చిదే తెచ్చుకుని, పగిలాక కట్టెను తిట్టేవాళ్లే ఎక్కువ.

కర్రగా లెక్క కట్టకూడని చింతలూ ఉన్నాయి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. అంత బరువును ఆ కొమ్మలు మోశాయంటే, ఆ మెలి ఈనె పట్టు తెలిసినవాడిగా నాకు ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మా వైపు చింతలకు ముప్పు వెంచర్లతోనే. ప్లాట్ల గీతలకు అడ్డమొచ్చిన ముసలి చెట్టు ముక్కలై ఇటుక బట్టీకి పోతుంది. మంట బాగా ఇస్తుందని బట్టీవాళ్లకు చింతంటే ఇష్టం. వందేళ్ల చేవ ఒక్క ఆవంలో బూడిదవుతుంది. వెంచరు వేసేవారికి ఒక మాట: పార్కుకు వదిలే జాగాను ఆ చెట్టు ఉన్న చోటే వదలండి. గాలికి పడిపోయిన చెట్టో, ఎండిపోయిన చెట్టో ఉంటే, బట్టీ లారీ వచ్చేలోపు సా మిల్లువాళ్లకు ఫోన్ చేసి బోదెను అడ్డంగా మొద్దులు కోయించండి.