షెవర్లే డబ్బా, ఫోర్డ్ మర

1950 నాటి షెవర్లే 3100 పికప్ కొన్న అమెరికన్, విడిభాగాల కొట్టుకెళ్లి ఆయిల్ ఫిల్టర్ అడిగాడనుకోండి. తెలిసిన కొట్టువాడైతే ముందు ఎదురు ప్రశ్న వేస్తాడు: ‘అసలు మీ బండికి ఫిల్టర్ ఉందా?’ వేళాకోళం కాదు. ఆ ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఫిల్టర్ అంటే విడిగా డబ్బిచ్చి పెట్టించుకునే హంగు. అది లేకుండానే రోడ్డెక్కిన బండ్లున్నాయి.

పెట్టించుకున్న బండిలోనూ నూనె అంతా దాని గుండా పోదు. ఇంజన్‌కు ఓ పక్కన మూతున్న రేకు డబ్బా, దానికి రెండు సన్నటి గొట్టాలు. పంపు తోసే నూనెలో కొంచెం మాత్రం చిన్న బెజ్జం గుండా డబ్బాలో దూరి, వడకట్టుకుని, తిన్నగా ఇంజన్ అడుగునున్న నూనె చాంబర్‌లోకి దిగిపోతుంది. తక్కినది వడపోత లేకుండానే ఇంజన్‌లో తిరుగుతుంటుంది. దీన్ని బైపాస్ పద్ధతి అంటారు. ఇందులో అసలు కిటుకు ఆ బెజ్జమే. డబ్బా పాతబడిందని పీకేసి, తిప్పి బిగించే ఈ కాలపు ఫిల్టర్‌ను అవే గొట్టాలకు తగిలిస్తే, డబ్బాతో పాటే బెజ్జమూ పోయి నూనెకు అడ్డే ఉండదు. వచ్చింది వచ్చినట్టు చాంబర్‌లోకి పోతుంది, ప్రెషర్ ముల్లు కిందికి వాలుతుంది.

ఫోర్డ్ ఎఫ్-100 వాళ్లకు ఈ తంటా తక్కువ. 1960, 70ల్లో వచ్చిన 300 సిక్స్, 302, 390 ఇంజన్లకు ఎఫ్ఎల్-1ఎ అనే ఒక్క ఫిల్టరే సరిపోతుంది. ఇప్పటికీ దొరుకుతుంది.

షెవర్లే వి8 కథ అంత తేలిక కాదు. 1955లో వచ్చిన 265 ఇంజన్ దిమ్మెలో ఫిల్టర్‌కు చోటే లేదు. మరుసటేడు చోటిచ్చారు. 1967 దాకా డబ్బాలో కాగితపు వడపోత, 1968 నుంచి తిప్పి బిగించేది. పైగా ఇన్నేళ్లలో ఎవరు ఏ ఇంజన్ మార్చారో! బండి కాగితాల్లోని సంవత్సరాన్ని నమ్మి కొన్నవాడు మళ్లీ కొట్టుకు నడవాల్సిందే. అందుకే అనుభవమున్నవాళ్లు టార్చి పట్టుకుని దిమ్మె వెనక, గేర్‌బాక్స్ కలిసే అంచు మీద పోతపోసిన అంకెలు చదువుతారు. ఆ అంకెలను బట్టి ఇంజన్ ఏ కాలానిదో పట్టుకోవచ్చు.

తిప్పి బిగించే ఫిల్టర్లలో మర కొలత ఇంకా ముఖ్యం. ఫోర్డ్‌ది 3/4 అంగుళం, షెవర్లేది 13/16. అంగుళానికి మరలు రెండింటికీ 16 కావడంతో, షెవర్లే ఫిల్టర్ ఫోర్డ్ మర మీద వదులుగా పట్టుకున్నట్టే ఉంటుంది. ప్రెషర్ పెరిగాక ఊడిపడినా ఆశ్చర్యం లేదు.

సరైన ఫిల్టర్ దొరికినా పని అయిపోదు. డబ్బా రకంలో పాత రబ్బరు రింగు గాడిలోనే అతుక్కుని, లోహంలో లోహంలా కనిపిస్తుంది. దాని మీదే కొత్తది వేస్తే ఇంజన్ తిప్పగానే నూనె నేలపాలు. సన్నటి కొక్కెంతో గాడి చుట్టూ గీకి, ఆ ముక్క చేతికొచ్చాకే మూత బిగిస్తారు.