శభాష్ అన్నది నేనే

మా కుక్క ఎర్రోడు మొదటిసారి పందికొక్కును చంపి తెచ్చి పెరటి మెట్టు మీద పెట్టినప్పుడు వాడి తల నిమిరి ‘శభాష్‌రా’ అన్నాను. ఆ పూట రెండు బిస్కెట్లు ఎక్కువే వేశాను. పందికొక్కులు ప్రహరీ కింద మట్టి తోడి తోడి జామచెట్టు మొదలు దాకా సొరంగం వేశాయి మరి. హన్మకొండలో పాత ఇల్లున్నవాళ్లెవరిని కదిపినా ఈ బాధే చెప్తారు. అంతవరకు నా తప్పేం లేదని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత తొండ వచ్చింది. శభాష్. ఉడుత వచ్చింది. గొంతు కొంచెం తగ్గింది గానీ అదీ శభాషే. మూడో నెలలో, బట్టలుతికే బండ పక్కన, నడుము విరిగిన జెర్రిపోతు. ఆరడుగులుంటుంది. మా అమ్మ చూసి, “గా పాము నిన్నేమన్నదిరా, ఎలుకలు తిని బతికేది” అంది. కుక్కనన్నదో నన్నన్నదో అడగలేదు.

జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకలు, కప్పలు దాని తిండి. అది మగదనీ, నాగుపాము దాని జోడీ అనీ ఒక నమ్మకం మన ఊళ్లలో ఉంది. నిజానికి రెండూ వేర్వేరు జాతులు, ఆడా మగా రెండింటిలోనూ ఉంటాయి. ఏ పందికొక్కుల కోసం కుక్కను మెచ్చుకున్నానో, వాటి పిల్లల్ని కలుగులోకి దూరి మరీ తినే పామును అదే కుక్కతో చంపించుకున్నాను.

ఎర్రోడు ఊరకుక్క. హంటర్ రోడ్డు పక్కన కాలువ గట్టున దొరికిన పిల్ల. (జూ పార్కు కూడా ఆ రోడ్డు మీదే ఉంది. వేటగాడి పేరున్న రోడ్డులో జంతువులకు కొలువు, మా ఊరి చమత్కారం.) కడుపునిండా పెరుగన్నం తిని పోయి వేటాడతాడు, చంపినదాన్ని తినడు. ఆకలికీ వేటకూ లంకె లేదని అప్పుడు తెలిసింది. అమెరికా జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ కుక్క వేటను వరుస మెట్లుగా విడదీశాడు. చెవులు నిక్కించడం, చూపు గురిపెట్టడం, నక్కి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, ఆ తర్వాత చీల్చడం, తినడం. మనిషి తరతరాలుగా చేసిందల్లా ఈ వరుసను తనకు కావలసిన చోట తెంపడమే. మందను తోలే కుక్క తరమడం దగ్గర ఆగుతుంది. కాల్చిన పిట్టను తెచ్చిచ్చే కుక్క పట్టడం దగ్గర ఆగుతుంది. కొల్లేరు దిక్కున జోనంగి కుక్కలు బాతుల మందల్ని తోలేవి. మా ఎర్రోడి వంశంలో ఎవరూ ఎక్కడా తెంపలేదు. తెంపవలసిన చోట నేను బిస్కెట్ వేశాను.

వరంగల్‌లో ఉండి కుక్కను తిట్టడమూ కష్టమే. సంక్రాంతికి ఐనవోలు జాతరకు జనం విరగబడతారు. ఒగ్గు కథల్లో మల్లన్న, కర్ణాటకలో మైలారలింగం, మహారాష్ట్రలో ఖండోబా అని కొలిచే ఆ దేవుడి పక్కన కుక్కకూ చోటుంది. గొర్రెలు కాసే గొల్ల కురుమల దేవుడు, కుక్క లేకుండా ఎట్లుంటాడు? కానీ మంద దగ్గరి కుక్క తోడేలు మీదికి ఉరికినా గొర్రె పిల్ల జోలికి పోకూడదు. పోయిందా, ఆ కుక్క మంద దగ్గర ఉండదు. ఈపాటి లెక్క నా పెరట్లో లేకపోయింది.

చట్టం సంగతి తర్వాత చూశాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడమొక్కటే కాదు, పట్టడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా. రేపు ఎర్రోడు ఉడుమును పట్టాడే అనుకోండి, అది పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉంది. నా శభాష్ ఏ సెక్షన్ కిందికి వస్తుందో లాయరు మిత్రుణ్ని అడిగితే నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు.

కుక్కకూ ప్రమాదమే. జెర్రిపోతు ఉన్న పెరట్లోకే కట్లపాము, రక్తపింజర కూడా వస్తాయి. పందికొక్కు మూత్రంతో లెప్టోస్పైరోసిస్ కుక్కకు, దాని నుంచి ఇంట్లోవాళ్లకు అంటుకోవచ్చు. పెరట్లో వేటాడే కుక్కకు రేబీస్ టీకాతో పాటు లెప్టో టీకా కూడా ఏటా వేయించాలి. నేను మొదటి ఏడాది రెండోది మానేశాను, అదృష్టం బాగుండి బయటపడ్డాం.

పందికొక్కును చంపు, పామును వదిలేయ్ అని కుక్కకు చెప్పే భాష నాకు రాదు. అందుకని మొత్తానికే మాన్పించాలనుకున్నాను. తిట్టి కాదు. నోట్లో ఏదో ఉన్నప్పుడు అరిస్తే మరింత గట్టిగా పట్టుకుంటాడు, మంచం కిందికి దూరతాడు. ముందు ఏమీ లేనప్పుడు ‘వదులు’ అనడం, బంతి వదిలితే ఉడికించిన కోడి కార్జం ముక్క పెట్టడం. తర్వాత తొండ కనిపించగానే, ఉరకకముందే, చెవులు నిక్కిన క్షణంలో పిలవడం. ఉరికాక ఏ పిలుపూ వినపడదు. రాత్రి తొమ్మిదికి వరండాలోకి తోలి పెరటి తలుపు గొళ్లెం పెట్టేస్తాం. నాలుగు నెలలు పట్టింది, కార్జం ఎన్ని కిలోలు పట్టిందో లెక్క రాయలేదు.

మొన్న వాన వెలిశాక ప్రహరీ వెంట ఇంకో జెర్రిపోతు పోతోంది. ఎర్రోడు చెవులు నిక్కించాడు, ఒళ్లంతా వణికింది. పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచాను. మూడో పిలుపుకు వచ్చాడు, వెనక్కి చూస్తూ చూస్తూ. పాము నందివర్ధనం పొద కిందికి పోయింది.

జామచెట్టు కింద పందికొక్కులు మళ్లీ తోడుతున్నాయి. ఇనుప బోను కొన్నాను.