చాప మీద మూరెడు చోటు

పోయిన ఆదివారం మా సండే స్కూల్ చిన్నపిల్లల క్లాసులో ఎర్ర క్రేయాన్ దగ్గర గొడవ జరిగింది. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరికీ నాలుగేళ్లే. ఒకడు లాక్కున్నాడు, రెండోవాడు వాడి చెయ్యి కొరికాడు. ఈ మధ్యే మాతో చేరిన టీచరమ్మాయి, బీఈడీ చదువుతోంది, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "సారీ చెప్పు, షేక్ హ్యాండ్ ఇవ్వు, మేం ఫ్రెండ్స్ అను" అని మూడూ చేయించింది. ఆ రోజు పాఠం కూడా స్నేహమే. కొరికినవాడు నేల చూస్తూ సారీ అన్నాడు, చెయ్యి ఇచ్చాడు, ఇచ్చిన చేత్తోనే గిల్లాడు.

నాకు నచ్చలేదు. పిల్లల ముందు ఆ అమ్మాయిని ఏమీ అనలేదు గానీ మనసులో పడిపోయింది.

ఈ శీర్షిక మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకు నా పట్టు తెలుసు. పసివాళ్ల చేత అర్థం కాని మాట పలికించడం నాకు గిట్టదు. బైబిల్లోని బంగారు వాక్యం కంఠతా అప్పజెప్పిన పిల్లకు చాక్లెట్, తడబడిన పిల్లకు ఖాళీ చెయ్యి అనే పద్ధతి మీద ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. లోపల లేని పశ్చాత్తాపాన్ని నోటితో అప్పజెప్పించడం అంతకన్నా తప్పనిపించింది.

అసలు ఆ వయసులో స్నేహం ఎంత? నర్సరీ పిల్లల ఆటలను గమనించి మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లో వ్యాసం ప్రచురించింది. పక్కపక్కనే కూర్చుని, ఒకే రకం బొమ్మలు పట్టుకుని, ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడాన్ని ఆమె ప్రత్యేకంగా గుర్తించి పేరు పెట్టింది. మా క్లాసులో వారం వారం నేను చూసేదీ అదే. ఇద్దరూ ఇసుకలోనే ఉంటారు, ఎవరి గుడి వాళ్లు కడతారు. చిటికెన వేలు చూపించి కటీఫ్ అంటారు, బిస్కెట్లు పంచేలోపు రెండు వేళ్లు కలిపి దోస్తీ అయిపోతారు. వాళ్ల తగువులు వాళ్లే తీర్చుకుంటారు, మనం మధ్యలో దూరకపోతే చాలు అని చాలా ఏళ్లుగా నా నమ్మకం.

స్నేహం అనగానే పాఠ్య పుస్తకాల్లో దావీదు, యోనాతానుల కథ ఇస్తారు. నాలుగేళ్లవాళ్లకు అందులో అందేది బాణాలొక్కటే. యోనాతాను బాణం వేయడం, పిల్లవాడు పరుగెత్తి ఏరుకు రావడం, దాక్కున్న దావీదుకు సంగతి తెలియడం దాకా కళ్లు విప్పార్చుకుని వింటారు. యోనాతాను తండ్రి సౌలు కోపం, స్నేహితుల నిబంధన, ఇద్దరూ ఏడుస్తూ విడిపోవడం దగ్గరికొచ్చేసరికి కిటికీ బయట ఉడతను చూస్తుంటారు. అందుకని నేను మార్కు సువార్త రెండో అధ్యాయం తీసుకుంటాను. పక్షవాయువుతో పడివున్న మనిషిని నలుగురు మోసుకొచ్చారు, జనంలో దారి దొరకలేదు, ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా కిందికి దించారు.

దీన్ని చెప్పడం తక్కువ, చేయించడం ఎక్కువ. ఒక పాత దుప్పటి, మధ్యలో గుడ్డబొమ్మ. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలి. ఒకరు పరుగెత్తితే బొమ్మ దొర్లుతుంది, ఒకరు వదిలేస్తే పడిపోతుంది. రెండుసార్లు పడ్డాక, ఎవరూ చెప్పకుండానే, ఒకరి మొహం ఒకరు చూసుకుని అడుగు కలుపుతారు. ఆ చూపు కోసమే నేనీ పాఠం చెబుతాను. చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఆ కప్పు మళ్లీ ఎవరు వేశారు అని. మా పిల్లల్లో చాలామంది నాన్నలు తాపీ పనికి వెళతారు, కప్పు వేయడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు. సువార్తలో ఆ మాట లేదు, లేదనే చెబుతాను.

క్రేయాన్ గొడవ అయ్యాక ఆ దుప్పటే తీశాను. కొట్టుకున్న ఇద్దరికీ పక్కపక్క కొసలు ఇచ్చాను. మూడో విడతలో కొరికినవాడే "మెల్లగా రారా, బొమ్మ పడిపోద్ది" అన్నాడు. సారీ లేకుండానే కలిశారు కదా అని ఆ అమ్మాయితో అనబోయాను. ఈలోపు ఆమే నా మోచెయ్యి తట్టి గుమ్మం వైపు చూపించింది.

చెప్పుల పక్కన ఒక పాప కూర్చుని ఉంది. ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి ఏరడానికి వచ్చిన కూలీల పిల్ల. మూడు వారాలుగా వస్తోందట, నేను గమనించలేదు. దుప్పటి ఎన్ని విడతలు తిరిగినా ఆ పిల్ల చేతికి కొస రాలేదు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

దాంతో నాకు డోర్నకల్ గుర్తొచ్చింది.

నాన్నగారు రైల్వేలో ఉండేవారు. అరవైల్లో కొన్నేళ్లు మేం డోర్నకల్ జంక్షన్‌లో ఉన్నాం. ఆదివారం పొద్దున్నే ఎపిఫనీ కెథీడ్రల్‌కు నడిచి వెళ్లేవాళ్లం. మసీదును తలపించే గుమ్మటాలు, గుడిని తలపించే స్తంభాలు ఉన్న ఆ దేవాలయం 1939లో ప్రతిష్ఠ అయింది. మా చిన్నపిల్లల క్లాసు చూసే టీచరమ్మగారు సన్నగా, నీరుకావి చీరలో, గట్టి గొంతుతో ఉండేవారు. ఈత చాపలు పరిచి మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, వరస మధ్యలో మూరెడు చోటు ఖాళీగా వదిలించేవారు. అక్కడ ఎవరూ కూర్చోకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకో కొత్తవాళ్లకో ఆ చోటు. వాళ్లు గుమ్మంలో కనబడగానే ఖాళీకి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ లేచి నిలబడి "రా, ఇక్కడ చోటుంది" అనాలి. గొణిగితే కుదరదు. వినబడేలా అనేదాకా పాఠం మొదలయ్యేది కాదు.

ఒక ఆదివారం ఆ ఖాళీ పక్కన నేనున్నాను. వచ్చింది ఊరి చివరి పేట నుంచి. నాలాగే బాప్తిస్మం పొందిన పిల్ల. అయినా మా ఇంట్లో, ఆ పేట పిల్లలు ఏదైనా పెడితే తినొద్దని మాకు చెప్పి పంపేవారు. ఆ మాట అప్పటికే నాకు వంటబట్టింది. నేను లేవలేదు. టీచరమ్మగారు నన్ను తిట్టలేదు, కారణం అడగలేదు, నా వైపే చూస్తూ నిలబడ్డారు. క్లాసంతా ఆగిపోయింది. చివరికి లేచాను. ఇష్టం లేకుండానే, "రా, ఇక్కడ చోటుంది" అన్నాను. ఆ పిల్ల వచ్చి నా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

తర్వాతి వారం నువ్వుండ తెచ్చింది. గౌను అంచులో చుట్టి, పళ్లతో కొరికి, కాకెంగిలి చేసి సగం నాకిచ్చింది. తిన్నాను. ఇంట్లో చెప్పలేదు. నాన్నగారికి బదిలీ అయ్యేదాకా ప్రతి ఆదివారం మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

ఆ కెథీడ్రల్ కట్టించిన బిషప్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని ఇక్కడివాడైపోయి, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్లదొరలు నిండిన సభలో నిలబడి ఆయన అడిగింది ఒక్కటే. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇక మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. ఆ ప్రసంగం గురించి పెద్దయ్యాక చదివినప్పుడు నాకు ఆ చాపే కళ్లముందు కదిలింది. సముద్రాలు దాటి వచ్చి, బడులూ ఆస్పత్రులూ కట్టినవాళ్లనే పక్కన చోటివ్వమని ఒకరు అడగాల్సి వచ్చింది. నాలుగేళ్లవాళ్లు దాన్ని వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారని నేను ఇన్నేళ్లూ ఎలా నమ్మాను?

నచ్చినవాళ్లతో జట్టు కట్టడం పిల్లలకు నేర్పక్కర్లేదు. గుమ్మం దగ్గరున్న పిల్లను పిలవడం మాత్రం నేర్పాలి. నాకు నేర్పింది మాటలో పెట్టి, బలవంతంగా, మళ్లీ మళ్లీ అనిపించి. ముందు మాట వచ్చింది, వెనక నువ్వుండ వచ్చింది. కంఠస్థం మీద ఇన్నాళ్లూ రాసిన మాటల్లో ఈ ఒక్క చోట నేను పొరబడ్డాను. సారీ చెప్పించిన ఆ అమ్మాయి, మాట ముందు నేర్పాలి అనుకోవడంలో సరిగ్గానే ఉంది. ఆ పాప కూడా ముందు ఆమె కంటికే ఆనింది.

మంగళవారం ఆమెకు ఫోన్ చేసి డోర్నకల్ చాప సంగతంతా చెప్పాను. వచ్చే ఆదివారం వరస మధ్యలో మూరెడు చోటు వదులుతున్నాం. అటు కొరికినవాడు, ఇటు కొరికించుకున్నవాడు కూర్చుంటారు. పాప పేరు వాళ్లమ్మనడిగి కనుక్కునే పని నాది. ఆ పిల్లకు తెలుగు ఇంకా సరిగా రాదు, అందుకని "రా, ఇక్కడ చోటుంది" అనడంతో పాటు చేత్తో చాప మీద తట్టి చూపించడం కూడా టీచరమ్మాయి వాళ్లిద్దరికీ నేర్పుతానంది.