ఒక గొయ్యి, ఒక రోజు

కొమురవెల్లిలో మహాశివరాత్రికి ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పెద్దపట్నం వేసి మల్లన్న కథ చెబుతారు. ఆ కథకుడు ఒంటరివాడు కాడు. అతనొక మాట అంటే పక్కవాళ్లు అందుకుంటారు, డోలు ఊతమిస్తుంది. ఎంత దుఃఖమైనా పదిమందిలోనే సాగుతుంది. 2016లో సిద్దిపేట జిల్లాలోకి వచ్చే దాకా ఈ ఊరిది వరంగల్ జిల్లా. అదే పాత జిల్లాలోని వావిలాలలో పుట్టిన దొంగరి మల్లయ్య రాసిన తొలి నవలలో మాత్రం కథంతా ఒక్కడి తలలోనే నడుస్తుంది. పక్కన అందుకునేవాడు లేడు. 1969లో వచ్చిన ఆ ‘అంపశయ్య’ చివరికి రచయితకు ఇంటిపేరై, ఆయన్ని అంపశయ్య నవీన్‌ని చేసింది.

కథ చెప్పమంటే కష్టమే. రవి ఉస్మానియాలో చదువుకుంటున్న పల్లెటూరి కుర్రాడు. తెల్లవారుజామున మెలకువ వచ్చింది మొదలు అర్ధరాత్రి దాకా, ఒక్క రోజు. అంతే. నవీన్ పనితనమంతా ఆ హద్దులోనే ఉంది. నోరు స్నేహితుడితో ఒకటి మాట్లాడుతుంటే మనసు ఇంటి దగ్గరి డబ్బు ఇబ్బందుల్లోకి జారుతుంది, అక్కణ్నుంచి చదువు భయానికి, అక్కణ్నుంచి ఒక అమ్మాయి దగ్గరికి. ఆ జారుడుకు ముందస్తు హెచ్చరిక ఉండదు. ‘అతను గతం గుర్తుచేసుకున్నాడు’ అంటూ చేయిపట్టి నడిపించే వాక్యాల కోసం చూడకండి. విమర్శకులు దీన్ని చైతన్య స్రవంతి అన్నారు, జేమ్స్ జాయిస్‌ను తలుచుకున్నారు. న్యాయమే. నాకు మాత్రం చప్పున గుర్తొచ్చేవి జపాన్ నవలలు.

కోబో అబే 1962లో ‘ది వుమన్ ఇన్ ది డ్యూన్స్’ రాశాడు. పురుగులు సేకరించే సరదా ఉన్న ఒక బడిపంతులు ఇసుక గోతిలోని ఇంట్లో రాత్రికి తలదాచుకుంటాడు. తెల్లారేసరికి తాడు నిచ్చెన ఉండదు. ఇక రోజూ ఇసుక ఎత్తిపోయడమే బతుకు. మనిషి కనపడకుండా పోయాడని అబే మొదట్లోనే చెప్పేస్తాడు, ‘ఏమవుతుంది’ అన్న ఆత్రం మన దగ్గర మిగలకుండా. ఇసుక రేణువు కొలతను లెక్కల మాస్టారిలా చెబుతాడు: మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఆ ఒక్క అంకె వల్ల ఇసుక ప్రతీక కాకుండా నిలబడింది, పంటి కింద నలిగే ఇసుకగానే ఉండిపోయింది. చివర్లో నిచ్చెన దొరుకుతుంది. అతను పైకెక్కి చూసి, తొందరేముందని మళ్లీ దిగిపోతాడు. స్వేచ్ఛ గురించి పేజీల కొద్దీ వాదించే నవలలు ఈ దిగడం ముందు తేలిపోతాయి.

మరో జపాన్ నవలాకారుడు కెంజబురో ఓయె దారి వేరు. ఆయన టోక్యో విశ్వవిద్యాలయంలో అస్తిత్వవాది సార్త్ర్ మీద సిద్ధాంత వ్యాసం రాసినవాడు. అయినా 1964 నాటి ‘ఎ పర్సనల్ మ్యాటర్’ను సిద్ధాంతంతో మొదలుపెట్టలేదు. భార్య పురిటి నొప్పులు పడుతుంటే మొగుడు దుకాణంలో ఆఫ్రికా పటం చూస్తూ నిలబడ్డాడు. పారిపోవాలన్న కోరిక అక్కడే తెలిసిపోతుంది.

అస్తిత్వవాదం అనగానే మనవాళ్లు ఉపన్యాసం అందుకుంటారు. ఈ ముగ్గురూ మాత్రం ముందు హద్దు గీసుకున్నారు. అబే చోటును కుదించాడు, నవీన్ కాలాన్ని కుదించాడు. నిర్మాణపు బిగువులో అబేదే పైచేయి. నవీన్ కొన్నిచోట్ల రవి చేత ఎక్కువగా ఆలోచింపజేస్తాడు, పాత్రను పక్కకు నెట్టి చదువరి రచయిత మాట్లాడుతున్నాడనిపిస్తుంది. కానీ అబే మనిషి ఆ గోతిలో పడ్డ పరాయివాడు. రవి లోపలి గొయ్యి పేదరికం, ఊరు, కాలేజీ కలిసి తవ్వింది, నిచ్చెన దొరికినా ఎక్కి వెళ్లడానికి వేరే చోటు లేదు. ఆ ఇరుకును తెలుగు వచనంలో అంత దగ్గర నుంచి వినిపించినవాళ్లు తక్కువ.

తరువాత ‘ముళ్లపొదలు’, ‘అంతస్స్రవంతి’లలో నవీన్ రవి కథను కొనసాగించాడు. పాఠకుడిగా ఆ పుస్తకాలను కాదనను గానీ, రవిని ఆ అర్ధరాత్రి దగ్గరే వదిలేసి ఉంటే బాగుండేదని నా పట్టుదల.