తెరువరి నమ్మిక

తెలుగున ‘పరదేశి’ యను మాటకు రెండర్థములు గలవు. అన్యదేశమునుండి వచ్చినవాడని యొకటి. దిక్కులేక తిరుగువాడని రెండవది. ఊరు దాటినవాడు ఎంతటి ధనికుడైనను, ఎంతటి విద్వాంసుడైనను, ఒక పూట యన్నమునకును, ఒక రాత్రి తావునకును, తప్పిన దారి తెలిసికొనుటకును తన్నెఱుగనివారి దయపై నాధారపడవలసినవాడే యని ఆ రెండర్థముల కలయిక తెలుపుచున్నది. ఈ సంబంధమును తెలుగు కవులు పలుమాఱు చిత్రించిరి. కాని విమర్శకులు సాధారణముగా దీనిని ఆతిథ్యధర్మమను పేర నొక వర్ణనాంశముగా నెంచి విడుతురు. ఎఱుగనివారి నడుమ నమ్మిక యెట్లు పుట్టును, ఎట్లు నిలుచును, ఎచట చెడును అను ప్రశ్నతో గ్రంథములను చదివినచో, ఎల్లరెఱిగిన కథలయందే యెల్లరు గమనింపని విశేషములు కానవచ్చును.

ముందుగా మనుచరిత్రమును గైకొనవలయును. అల్లసాని పెద్దన ప్రవరుని ఆహితాగ్నిగా, గృహస్థుగా వర్ణించుచు, అతనికి తీర్థయాత్రాపరులపై గల యాదరమును ప్రత్యేకముగా చెప్పెను. వచ్చినవారిని ప్రవరుడు పూజించును, భుజింపజేయును. పిమ్మట వారు చూచిన దేశముల వింతలను, అవి యెంత దూరమను విషయమును అడిగి తెలిసికొని, చూడజాలనైతినని నిట్టూర్చును. ఇట ఆతిథ్యమునకు ప్రతిఫలము పుణ్యము మాత్రమే కాదు, కథ కూడ. గృహస్థు అన్నమిచ్చును; తెరువరి లోకమును తెచ్చియిచ్చును. ఈ వినిమయములో నెవ్వరును నష్టపడరు. సిద్ధుడు వచ్చి పాదలేపమిచ్చిన దాక కథ యీ మర్యాదలోనే నడచినది.

ప్రవరుడు తొందరపడి సిద్ధుని నమ్మెనని నిందించుట కలదు. కావ్యము ఆ నిందకు చోటీయదు. ఇంత చిన్న వయసున నిన్ని దేశములు చూచుట యెట్లు పొసగునని ప్రవరుడు శంకించియే యడిగెను. సిద్ధుడు మోసగాడు కాడు. అతడిచ్చిన పసరు పనిచేసినది, ప్రవరుని హిమాలయమునకు చేర్చినది. లోపము నమ్మికయందు గాక యెఱుకయందున్నది. ఇచ్చినవాడు ఆ మందు హద్దును చెప్పినట్లు కవి చెప్పలేదు. పుచ్చుకొన్నవాడు తిరిగివచ్చు తెరగు నడిగినట్లును చెప్పలేదు. మంచు సోకి లేపము కరగినది. ఇంటికడ తల్లిదండ్రులు, ఇల్లాలు, అగ్నులు ఎదురుచూచుచుండ ప్రవరుడు దారితప్పిన బాటసారియై, ఎదుట కానవచ్చిన స్త్రీని తన యూరికి తెరువడిగెను. వరూధిని తెరువు చెప్పలేదు. మాటలు కల్పించుకొనుటకే యడుగుచున్నాడని యెత్తిపొడిచినది. రసజ్ఞులు ఈ ఘట్టమున శృంగారాభాసను చూచిరి, చూడదగినదే. కాని అంతకు ముందుగా నిది యొక తెరువరి చేసిన ప్రార్థన, అది తిరస్కరింపబడినది. తన యింట నెందఱో పరదేశులకు నీడనిచ్చినవాడు తానే పరదేశియైన నాడు ఒక దారిగుర్తునకు నోచుకొనకపోయెను. ప్రథమ భాగమందలి యాతిథ్యవర్ణనము ఈ విపర్యయమునకు పునాదియే కాని యలంకారము కాదు. దీనిని గుర్తింపక ఆ పద్యములను వేగముగ దాటించినచో, ప్రవరుని దైన్యము బరువు తగ్గును.

నమ్మికను భంగపఱచిన తెరువరి కథ తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నున్నది. నిగమశర్మ తన యక్క బుద్ధులు విన్నట్లే నటించి, రాత్రివేళ ఇంటి సొమ్ములతో పాఱిపోయెను. దారిలో దొంగలు కొట్టి దోచుకొనగా, పడియున్న వానినొక కాపు చూచి, కులగోత్రముల విచారింపక తన యింటికి చేర్చి, గాయములు మాన్పి, సాకెను. కోలుకొన్న నిగమశర్మ ఆ యింటి స్త్రీతోనే లేచిపోయెను. అక్క ముక్కఱకై పడిన దుఃఖమును గూర్చి విమర్శకులు మెచ్చుకొనుచు వ్రాసినంతగా ఈ కాపును గూర్చి వ్రాయలేదు. అక్క చేసినది రక్తసంబంధమునకు చెల్లినది. కాపు చేసినదానికి ఏ సంబంధమును లేదు. కావుననే రెండవ ద్రోహము మొదటిదానికంటె ఘోరము. క్షేత్రమహిమచే తుదకు నిగమశర్మకు సద్గతి కలిగినదని పురాణమర్యాద చెప్పును. అది భక్తిదృష్టిని పొసగును. కాని కాపునకు తీరవలసిన ఋణము తీరినట్లు కథయందు లేదు. ముక్తి పాపమును కడుగునేమో కాని, వమ్ముచేసిన నమ్మికను తిరిగి యతికింపజాలదని ఆ మౌనము సూచించుచున్నట్లున్నది. అయినను కవి ఆ కాపును అవివేకియని యెక్కడను పరిహసింపలేదు. ఇదియే గమనింపదగిన విషయము. ప్రవరుని యెడ నెట్లో యిటను నట్లే: పరీక్షకు నిలుచువాడు నమ్మినవాడు కాడు, నమ్మబడినవాడు.

ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు ఈ సూత్రమును రెండు కొసల నుండి చూపెను. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకు ఋతువునకు తగిన భోజనము పెట్టును. వానకాలమున నేమి వండవలయునో, వేసవిలో నేమి చలువ చేయునో యని యాలోచించును. అంతయు పెట్టియు, కూరలు కొఱతయని, వేడిగా లేదని, దయయుంచి యారగింపవలయునని వేడుకొనును. దాత సిగ్గుపడుట యిచటి సొంపు. తీసికొనువాడు తలవంచుకొననక్కఱ లేకుండ, ఆ భారమును పెట్టువాడే మోయుచున్నాడు. ఈ మర్యాద రాజుల కావ్యములలోనే కాక మనుష్యుల చరిత్రలోను కలదు. కోనసీమయందు లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన తెరువరులకు అన్నము పెట్టి ప్రసిద్ధి గాంచిన డొక్కా సీతమ్మ (1841–1909) జీవితము దానికి సాక్ష్యము.

రెండవ కొస మాలదాసరి కథ. కురుంగుడి స్వామికి పాటపాడి సేవించుటకు పోవుచు, అడవిలో దారితప్పిన దాసరి బ్రహ్మరాక్షసునికి చిక్కెను. సేవ ముగించుకొని తిరిగివత్తునని మాట యిచ్చెను. నోటికందిన యాహారము తానై తిరిగివచ్చునా యని రాక్షసుడు నవ్వెను; తుదకు దాసరి చేసిన శపథములకు లోబడి విడిచెను. దాసరి పోయి పాడి, మాట తప్పక వచ్చి నిలిచెను. ఇట నమ్మినవాడు రాక్షసుడు, నమ్మబడినవాడు లోకము దూరముంచినవాడు. ఇద్దఱ నడుమ కులము, ఊరు, స్నేహము ఏదియు లేదు. ఒక మాట మాత్రమున్నది. ఆ మాట నిలుచుటచే రాక్షసుడు మాఱెను. నిగమశర్మ కథకిది సరిగా ప్రతిబింబము: ఒకడు ప్రాణము పొంది మాట చెఱచెను; ఒకడు ప్రాణమొడ్డి మాట నిలిపెను.

ఇవి కావ్యములు. నిజమైన దారులలో ఈ నమ్మిక యెట్లు నడచెనో తెలియుటకు తెలుగువారికి ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రచరిత్ర కలదు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టునందు దుబాసీయైన వీరాస్వామి 1830 మే 18న బయలుదేఱి, తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా కోస్తాదారిని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. పదునైదు మాసములకు పైబడిన ఈ ప్రయాణవృత్తాంతమును దినచర్యగా కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపుచుండెను. రైలు లేని కాలమది. దారిలో రాజ్యములు మాఱును, నాణెములు మాఱును, భాషలు మాఱును.

ఇట నొక యాక్షేపము రావచ్చును. వీరాస్వామి ఒంటరి బాటసారి కాడు. దాదాపు నూఱుమంది పరివారముతో, సవారితో, గుడారములతో, కుంపిణీవారి కొలువు తెచ్చిన గౌరవముతో నడచినవాడు. అతనికి దారిలో లభించిన యాదరము దయయా, అధికారమునకు భయమా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. సవారి నెక్కినవానికి కనబడిన దేశము వేఱు, సవారిని మోసిన బోయీలకు కనబడిన దేశము వేఱు. బోయీల దినచర్య ఏదియు వ్రాతలో నిలువలేదు. కావున ఆ గ్రంథమును తెరువరుల యందఱ యనుభవముగా నెంచరాదు.

అయినను ఆ గ్రంథమునకు దయాగ్రంథమను పేరు చెల్లును. అది వీరాస్వామి పొందిన దయచేత కాదు, అతడు విడిచిన దయచేత. ఏ మజిలీ యెంత దూరము, ఎచట నీరు దొరకును, ఎచట అంగళ్ళున్నవి, దిగుటకు సత్రమో తోపో యెచట గలదు, ఏ దారి మంచిది, ఏ యేరు దాటుట కష్టము అని యతడు ఓపికతో వ్రాసెను. ఈ వివరములు రసదృష్టితో చదువువారికి విసుగు పుట్టించును. కాని వీని ప్రయోజనము వేఱు. తాను దాటిన యేరు తనకు మరల నక్కఱలేదు. దాని లోతు వ్రాయుట వెనుక వచ్చు నెవ్వనికో కొఱకు. పేరు తెలియని యా తెరువరిని వీరాస్వామి తలంచుకొనెను. సిద్ధుడు చెప్పక విడిచినది యిదియే: తిరుగు దారి. ఈ పోలికచే కాశీయాత్రచరిత్ర గుణము స్పష్టమగును. పాదలేపము వింత, మజిలీల పట్టిక వింత కాదు, కాని వానలో, మంచులో కరగిపోవునది మొదటిదే.

ఆ గ్రంథము లోకమునకు వచ్చిన తీరును నమ్మిక కథయే. వీరాస్వామి 1836లో గతించెను. స్నేహితుని వ్రాతలను దాచుకొన్న శ్రీనివాసపిళ్ళ 1838లో వానిని ముద్రింపజేసెను. తరువాత నూఱేండ్లకు దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వమున 1941లో అది మరల వెలువడినది. మాలదాసరివలె, మాట యిచ్చినవారు కొందఱు, ఇయ్యకయే నిలిపినవారు కొందఱు. అటుపిమ్మట తెలుగువారి దారి సముద్రముల కావలికిని సాగినది. పోతం జానకమ్మ తెలుగున వ్రాసిన ఇంగ్లండు యాత్ర 1876లో ఆంగ్లానువాదముగా చెన్నపట్టణమున ప్రకటింపబడినది. దేశము మాఱినను పరదేశి స్థితి మాఱలేదు.

వీరాస్వామి తిరుగు ప్రయాణమున నడచిన కోస్తాదారికి పడమర లోపలిగా, తూర్పుకనుమల పాదమున, చోడవరమునకును మాడుగులకును చేరువ చీడికాడ యున్నది. 2022 దాక విశాఖపట్టణము జిల్లాలోనిదై యిపుడు అనకాపల్లి జిల్లాలోనున్న ఆ సీమలో కొండవారును పల్లపువారును ఎదురుపడుదురు. ఒకరి భాష యొకరికి రాకున్నను తెరువడిగినవానికి తెరువు చెప్పవలసివచ్చును. అట్టి చోటి పాఠశాలలో ప్రవరుని కథ చెప్పు పండితుడు, వరూధిని సౌందర్యమును చెప్పుటకు ముందు, దారితప్పినవాడు అడిగిన మొదటి ప్రశ్నకు బదులేల రాలేదని పిల్లల నడుగవచ్చును. ఆ పిల్లలు బడిలో తిను మధ్యాహ్నభోజనమునకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024లో పెట్టిన పేరు డొక్కా సీతమ్మది. అన్నము పెట్టిన తల్లి పేరు పలుకుచు, తెరువు చెప్పని వనిత కథ చదువు పిల్లలకు రెంటి నడిమి భేదమును వేఱుగ వివరింపనక్కఱ లేదు, చూపిన చాలును.

ఈ నాలుగు గ్రంథములను కలిపి చదువగా తేలునది యొకటి. ఎఱుగనివానిని నమ్మవలయునా వలదా యని తెలుగు వాఙ్మయము తర్కింపలేదు. నమ్మక దారి నడువదని దానికి తెలియును. నమ్మబడినవాడేమి చేసెనని మాత్రమే యడిగినది. అన్నము తిన్న యిల్లు, తెరువు చెప్పిన నోరు, విడిచిపెట్టిన చేయి వీనికి తీర్పవలసిన ఋణమును తీర్చినవాడు మాలదాసరియైనను పూజ్యుడు. తీర్పనివాడు నిగమశర్మయంతటి సద్వంశజాతుడైనను దొంగ. వీరాస్వామి ఆ ఋణమును తానెఱుగని చదువరులకు చెల్లించెను. ఆ చెల్లింపు నేటికిని ముగియలేదు.