ఆ ఉత్తరాల కర్తలెవరు?

మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సిపాయిలు వ్రాసిన, అందుకున్న ఉత్తరాలను డేవిడ్ ఒమిస్సీ 1999లో సంకలనంగా ప్రకటించాడు. లేఖాసాహిత్యం బోధించేటప్పుడు, "వీటిలో కుశలప్రశ్నలే తప్ప సాహిత్యమేమున్నది?" అని నేను విద్యార్థులతో అంటూ వచ్చాను. ఆ మాట పొరపాటని యిప్పుడు ఒప్పుకొనక తప్పదు.

ఆ ఉత్తరాలు పుట్టిన పరిస్థితులను ముందు చూడాలి. 1914 సెప్టెంబరులో మన సేనలు ఫ్రాన్సులో దిగాయి. ఆ యేడే వారి తపాలాపై సైనిక సెన్సారు ఏర్పడ్డది. పల్లెలోని యిల్లాలికి చాలావరకు చదువు రాదు. వచ్చినవాడి యెదుట కూర్చుని చెప్పి వ్రాయించుకోవాలి. అక్కడ సిపాయికీ చదువు రాకపోతే తోటివాడు చదివి వినిపించాలి. నడుమ సెన్సారు కాచుకొని వుంటాడు. మగనితో చెప్పదలచిన మాటను ముగ్గురు పరాయివాళ్ళు వింటారని తెలిసిన ఆడది మనసు విప్పుతుందా? "అందరం క్షేమం" అన్న వాక్యాన్ని పేలవమని కొట్టివేసే విమర్శ ఆ ముగ్గురినీ మరచిపోతున్నది.

సిపాయిలు మాత్రం మాటను దాచడం నేర్చారు. నల్ల మిరియాలంటే భారత సైనికులు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవారు. వంటింటి దినుసులు రణరంగ వార్తలు మోశాయి. సెన్సారు దానినీ పసిగట్టాడు.

మనకు మిగిలినవి చాలావరకు సెన్సారు ఏరి, ఇంగ్లీషు చేయించిన భాగాలే. వాటిలోనూ సిపాయిలు వ్రాసినవే అధికం. యింటినుండి పోయినవి కొద్ది. సామ్రాజ్యవాదం భయపడి దాచినదే నేడు మన ఆధారం. ఆ తల్లి పలికిన పలుకుబడి మాత్రం మనకు దక్కలేదు.

అయితే మన అభ్యుదయవాదులకూ ఒక హెచ్చరిక. ప్రతి ఉత్తరంలోనూ తిరుగుబాటు వెతకడం శాస్త్రీయ దృష్టి కాదు. రాజభక్తి, వంశ ప్రతిష్ఠ, జీతంపై ఆశ కూడా వాటిలో వున్నాయి. 1935లో లండనులో అభ్యుదయ రచయితల సంఘానికి అంకురార్పణ చేసినవారిలో ఒకడైన ముల్క్‌రాజ్ ఆనంద్ యీ వైరుధ్యాన్ని గ్రహించాడు. 1940 నాటి 'ఎక్రాస్ ది బ్లాక్ వాటర్స్' నవలలో లాలూ పోయిన పొలం తిరిగి సంపాదించాలని పోరాడే రైతుబిడ్డ. అతడిని యుద్ధానికి తోసినది రాజుపై ప్రేమ కాదు.

కనుక ఆ ఉత్తరాలను మళ్ళీ పాఠంగా చెప్పబోతున్నాను. సంతకం చేయలేని ఆ స్త్రీలను కర్తలుగా గుర్తించనంతకాలం మనం వ్రాసే సాహిత్యచరిత్ర ప్రజల చరిత్ర కానేరదు.